వెలిగే సాక్షి: ప్రతిదీప్త ప్రతిరక్షకం

మన చర్మం మీద, ముక్కులో, నోటిలో, ప్రేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తున్నాయి. పీల్చే గాలితో కొన్ని, త్రాగే నీటితో కొన్ని, తినే ఆహారంతో మరికొన్ని ప్రతి క్షణమూ లోనికి ప్రవేశిస్తూనే ఉన్నాయి. అయినప్పటికీ మనం అనుదినం జబ్బు పడటం లేదు. చిన్న గాయమైతే నాలుగు రోజులలో మానిపోతున్నది. ఈ రక్షణకు కారణాలు అనేకం. వానిలో ఒకటి, మన శరీరం తనంతట తానే తయారుచేసుకొనే సూక్ష్మజీవనాశక పెప్టైడులు. ఇవి మనం పుట్టుకతోనే వెంట తెచ్చుకున్న ఔషధాల వంటివి.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఈ పెప్టైడులు ఎంతో సూక్ష్మమైనవి. శక్తిమంతమైన సాధారణ సూక్ష్మదర్శినిలో చూచినా కనిపించవు. మరి ఫలానా పెప్టైడు ఫలానా కణంలో ఉన్నదని, ఫలానా రోగంలో తగ్గిపోయినదని శాస్త్రజ్ఞులు ఎట్లా చెప్పగలుగుతున్నారు? దీనికి లభించిన సమాధానాలలో ప్రతిదీప్త ప్రతిరక్షకం ముఖ్యమైనది. అది వెలుగుతూ సాక్ష్యం చెప్పే ఒక అణువు. ఆ సాక్షిని ఎట్లా తయారుచేస్తారో, దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. భాషాబోధకులమైన మాకు ఈ విషయం మీద ఆసక్తి కలగడానికి కారణం, ఇందులో విజ్ఞానశాస్త్రంతోపాటు సాక్ష్యవిచారణ అనే మరొక గొప్ప విద్య ఇమిడి ఉండటమే.

పిట్ట కొంచెం, కూత ఘనం

అమినో ఆమ్లాలు పూసల వలె వరుసగా చేరి ఏర్పడే గొలుసు పొడవైనదైతే దానిని ప్రోటీను అంటాం. పొట్టిదైతే పెప్టైడు అంటాం. శరీరంలోనే సూక్ష్మజీవనాశక పదార్థాలున్నాయన్న భావన క్రొత్తది కాదు. కన్నీటిలోను, ముక్కు స్రావంలోను ఉన్న లైసోజైము అనే ఎంజైము బాక్టీరియాను కరిగించగలదని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లోనే ప్రకటించాడు. పెన్సిలిన్ అతని కంటపడటానికి అది ఆరేండ్లు ముందరి మాట. స్వీడను దేశానికి చెందిన హాన్స్ బోమన్, అతని సహచరులు 1981లో ఒక చిమ్మట జాతి కీటకం నుండి సెక్రోపిన్ అనే పెప్టైడులను వెలికి తీశారు. 1985లో మానవుని తెల్లరక్తకణాలలోని డిఫెన్సిన్‌లు వెలుగులోకి వచ్చాయి. 1987లో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో మెగైనిన్ అనే పెప్టైడులను కనుగొన్నాడు. శస్త్రచికిత్స చేసిన కప్పలను మురికి నీటిలో వదలినా వాని గాయాలు చీము పట్టకపోవడం అతనిని ఆలోచింపజేసిన విషయం.

ఈ పరంపరలో 1995లో బయటపడినదే మానవుని కెథెలిసిడిన్. స్వీడనులోనే కాక మరి రెండుచోట్ల కూడా పరిశోధకులు ఇంచుమించు ఒకే కాలంలో దీనిని గుర్తించారు. ఇతర జంతువులలో కొన్నింటికి అనేక కెథెలిసిడిన్‌లు ఉండగా మానవునికి ఉన్నది ఒక్కటే. దీని క్రియాశీల రూపానికి ఎల్.ఎల్.-37 అని పేరు. పేరు విచిత్రంగా ఉన్నా అర్థం సులభం. ఈ గొలుసులోని మొదటి రెండు పూసలూ లూసిన్ అనే అమినో ఆమ్లాలు. లూసిన్‌కు శాస్త్రజ్ఞులు వాడే సంకేతాక్షరం 'ఎల్'. మొత్తం పూసల సంఖ్య 37. అందుచేత ఎల్.ఎల్.-37.

ఇది పని చేసే తీరు గమనించదగినది. ఈ పెప్టైడు మీద నికరంగా ఆరు ధనావేశాలు ఉంటాయి. బాక్టీరియా పైపొర మీద ఋణావేశం అధికం. కనుక పెప్టైడు ఆ పొర వైపు ఆకర్షింపబడుతుంది. అక్కడ అది మరమేకు మర వలె చుట్ట తిరుగుతుంది. ఆ చుట్టకు ఒక ప్రక్క నీటిని కోరే భాగం, మరొక ప్రక్క క్రొవ్వును కోరే భాగం ఉంటాయి. క్రొవ్వును కోరే ప్రక్క పొరలోకి చొచ్చుకొనిపోగా పొర చెడిపోతుంది. బాక్టీరియాలోని సారం బయటికి కారిపోతుంది. మన కణాల పైపొర వెలుపలి భాగంలో ఋణావేశం తక్కువ కాబట్టి వానికి కలిగే హాని తక్కువ. పెప్టైడు మోతాదు మించితే మన కణాలకు కూడా చెరుపు తప్పదు. ఇటువంటి పెప్టైడులు త్వచాలను ఎట్లా భేదిస్తాయన్న విషయం మీద హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో ఆర్. నాగరాజ్, ఆయన సహచరులు చాలాకాలం పరిశోధించారని మన విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

ఒరలోని కత్తి

ఇంత పదునైన ఆయుధాన్ని శరీరం ఎప్పుడూ దూసి ఉంచుకోదు. ఎల్.ఎల్.-37 మొదట ఒక పెద్ద ప్రోటీనులో భాగంగా తయారవుతుంది. దాని అణుభారం సుమారు 18 వేల డాల్టన్లు. అందులో కడపటి భాగమే మన పెప్టైడు. దాని భారం సుమారు నాలుగున్నర వేల డాల్టన్లు మాత్రమే. పెద్ద ప్రోటీనుగా ఉన్నంతవరకు అది ఒరలోని కత్తి. ఒర నుండి దూయడానికి మరొక ఎంజైము రావాలి.

న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణంలో ఈ ఏర్పాటు ఎంత జాగ్రత్తగా ఉన్నదో చూడండి. పెద్ద ప్రోటీను ఒక రకం కణికలలోను, దానిని ఖండించే ప్రోటీనేజ్-3 అనే ఎంజైము మరొక రకం కణికలలోను వేరువేరుగా దాచబడి ఉంటాయి. సూక్ష్మజీవులతో పోరు సాగే వేళ ఆ కణికలు తమలోని పదార్థాలను వెలికి విడిచినప్పుడు రెండూ కలుసుకుంటాయి; అప్పుడు పెప్టైడు విడివడుతుంది. ఈ వివరం 2001లో స్పష్టమైనది. చర్మంలో ఈ ఖండన కార్యాన్ని కల్లిక్రీన్‌లు అనే వేరే ఎంజైములు నిర్వహిస్తాయి.

ఈ ఒర, కత్తి సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలని మా మనవి. ప్రతిరక్షకం చెప్పే సాక్ష్యంలోని అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

వెలుగుకు ప్రతి వెలుగు

మన పాఠ్యపుస్తకాలు 'ప్రతిదీప్తి' అనే మాటను వాడుతున్నాయి. చక్కని మాట. ఒక పదార్థం మీద వెలుగు పడినప్పుడు అది మరొక రంగు వెలుగును తిరిగి ఇవ్వడమే ప్రతిదీప్తి. తీసుకొనే వెలుగు కన్న తిరిగి ఇచ్చే వెలుగుకు సాధారణంగా శక్తి తక్కువ, తరంగదైర్ఘ్యం ఎక్కువ. జార్జి స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు 1852లో ఈ ధర్మాన్ని వివరించి, ఫ్లోరైటు అనే ఖనిజాన్ని బట్టి దీనికి ఆంగ్ల నామం పెట్టాడు. ఇది మనకు అపరిచితమైనది కాదు. ఒకప్పుడు ప్రతి ఇంటా వెలిగిన ట్యూబులైటు లోపలి పూత పాదరసపు ఆవిరి వెలువరించే అతినీలలోహిత కిరణాలను గ్రహించి తెల్లని వెలుగును ఇచ్చేది. బ్యాంకులో గుమాస్తా నోటును అతినీలలోహిత దీపం క్రింద పెట్టగానే దాని మీది అంకెలు మెరవడం కూడా ఇదే ధర్మం వల్ల జరుగుతున్నది.

ఇక 'ప్రతిరక్షకం'. దేహంలోకి పరాయి పదార్థం ప్రవేశించినప్పుడు దానికి సరిపోయే విధంగా శరీరం తయారుచేసే ప్రోటీను ఇది. ఆకారంలో ఆంగ్లాక్షరం 'వై'ని పోలి ఉంటుంది. దాని రెండు చేతుల చివరలూ, తాళానికి తాళంచెవి వలె, ఒకే ఒక అణుభాగాన్ని పట్టుకోగలవు. ప్రతిరక్షకానికి గుర్తింపు శక్తి ఉన్నది కాని అది కంటికి కనిపించదు. ప్రతిదీప్త వర్ణకం కంటికి కనిపిస్తుంది కాని దానికి గుర్తింపు శక్తి లేదు. కుంటివాడు, గుడ్డివాడు జతకూడి దారి నడచిన కథ మన పెద్దలు చెప్పగా విన్నాం. ఇక్కడా అటువంటి జోడింపే కార్యసాధకమైనది.

ఆ జోడింపును సాధించినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ కూన్స్. 1939 వేసవిలో ఆయన బెర్లిన్ నగరంలో గడుపుతున్న రోజులలో కీళ్ళవాతపు జ్వరం వల్ల గుండెలో ఏర్పడే గడ్డలను గూర్చి ఆలోచిస్తున్నాడు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా పదార్థం నిజంగా ఆ గడ్డలలో ఉన్నదా అన్నది ఆయన సందేహం. ఉన్నదని పలువురు ఊహించారే కాని ఎవరూ చూపలేదు. ప్రతిరక్షకానికి ఒక గుర్తు తగిలించి దానిని వెతకడానికి పంపితే ఎట్లా ఉంటుందని ఆయనకు తోచింది. అంతకుముందే మామూలు ఎర్ర రంగును తగిలించి చూచినవారు ఉన్నారు కాని ఆ రంగు సూక్ష్మదర్శినిలో కనిపించేటంత గాఢంగా లేదు. చీకటిలో దీపం వలె వెలిగే గుర్తు అయితే కొద్దిపాటి అయినా కనిపిస్తుంది.

1941లో కూన్స్, ఆయన సహచరులు తొలిసారి ఆంత్రసీన్ జాతి వర్ణకాన్ని ప్రతిరక్షకానికి జోడించి న్యుమోకాకస్ బాక్టీరియాను వెలిగించి చూపారు. కాని ఆ వెలుగు నీలి రంగుది. శరీర కణజాలం కూడా సహజంగా కొంత నీలి వెలుగును ఇస్తుంది. ఏది గుర్తు, ఏది సహజం అని తేల్చడం కష్టమైనది. అందువల్ల వారు ఆకుపచ్చని వెలుగునిచ్చే ఫ్లోరెసీన్ వైపు మళ్ళారు. అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లోనే తయారుచేసిన వర్ణకం అది. తొలి ప్రయోగంలోనే ఎదురైన ఈ కష్టం ఈ పద్ధతిని ఈనాటికీ వెన్నాడుతున్నదని ముందు ముందు గ్రహించగలం. 1958లో ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేటు అనే స్థిరమైన రూపం అందుబాటులోకి రావడంతో ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. ఎఫ్.ఐ.టి.సి. అన్న పొడి అక్షరాలతో పరిశోధనశాలలన్నింటా దానిని పిలుస్తారు.

సాక్షి తయారయ్యే విధం

ఎల్.ఎల్.-37ను గుర్తించే ప్రతిరక్షకం కావాలంటే ఆ పెప్టైడును ఒక జంతువు దేహంలోకి ఎక్కించి, ఆ జంతువు చేత ప్రతిరక్షకం తయారు చేయించాలి. కాని పెప్టైడు మరీ చిన్నది కావడంతో జంతువు దేహం దానిని లెక్కచేయకపోవచ్చు. అందుకని దానిని ఒక పెద్ద ప్రోటీనుకు కట్టి ఎక్కిస్తారు. సముద్రపు నత్త జాతి ప్రాణి రక్తంలోని ప్రోటీనును ఇందుకు తరచుగా వాడతారు. కుందేలు రక్తం నుండి సేకరించిన ప్రతిరక్షకాలు అనేక రకాల మిశ్రమంగా ఉంటాయి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే కణ సంతతి నుండి ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా పొందే మార్గాన్ని కనుగొన్నారు. ఆ కృషికి వారికి 1984లో నోబెల్ బహుమతి లభించింది.

తరువాత వర్ణకాన్ని తగిలించాలి. ఎఫ్.ఐ.టి.సి. ప్రతిరక్షకంలోని లైసిన్ అనే అమినో ఆమ్లాలకు అతుక్కుంటుంది. ద్రావణం కొంచెం క్షారగుణంతో ఉంటే ఈ చర్య చక్కగా సాగుతుంది. మిగిలిన వర్ణకాన్ని సన్నని జెల్ గొట్టం గుండా వడగట్టి తొలగిస్తారు. ఒక్కొక్క ప్రతిరక్షకానికి మూడు మొదలు ఆరు వరకు వర్ణకాణువులు ఉంటే మేలు. వర్ణకం ఎక్కువైతే వెలుగు కూడా ఎక్కువ కావాలి కదా అని మనం అనుకుంటాం. కాని అట్లా జరగదు. దగ్గర దగ్గరగా చేరిన వర్ణకాణువులు ఒకదాని వెలుగును మరొకటి ఆర్పివేస్తాయి. పైగా ప్రతిరక్షకం తన గుర్తింపు శక్తిని కోల్పోయి కనిపించిన చోటనల్లా అంటుకుంటుంది.

ఇక పరీక్ష. కణాలను గాజు పలక మీద చేర్చి, ఫార్మాల్డిహైడు ద్రావణంతో ఉన్నవి ఉన్నచోట బిగుస్తారు. కణం లోపలి పెప్టైడును చూడాలి కనుక సబ్బు వంటి పదార్థంతో పైపొరకు సన్నని రంధ్రాలు చేస్తారు. అనవసరమైన చోట్ల ప్రతిరక్షకం అంటుకొనకుండా ముందుగా వేరే ప్రోటీనుతో ఆ తావులను కప్పుతారు. పిదప వర్ణకం తగిలించిన ప్రతిరక్షకాన్ని పోసి, చీకటిలో కొంతసేపు ఉంచి, అంటుకొననిదంతా కడిగివేస్తారు. చివరకు ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని క్రింద పెట్టి సుమారు 490 నానోమీటర్ల నీలి వెలుగును ప్రసరింపజేస్తారు. సుమారు 520 నానోమీటర్ల ఆకుపచ్చని వెలుగు తిరిగి వస్తుంది. మధ్యనున్న వడపోత గాజు నీలి వెలుగును అడ్డగించి ఆకుపచ్చని దానినే కంటికి పంపుతుంది. నల్లని ఆకాశంలో నక్షత్రాల వలె కణికలు మెరుస్తాయి. పదివేల కణాలను ఒక్కొక్కటిగా లేసరు కిరణం ముందు నడిపించి వాని వెలుగును క్షణాలలో కొలిచే ఫ్లో సైటోమీటరు అనే యంత్రానికి కూడా ఇదే ప్రతిరక్షకం పనికివస్తుంది.

ఒక పోలిక చెప్పవలసి ఉన్నది. ప్రతిరక్షకం అణుభారం సుమారు లక్షన్నర డాల్టన్లు. మన పెప్టైడు భారం నాలుగున్నర వేలు. అంటే గుర్తుపట్టే అణువు, గుర్తింపబడే అణువు కన్న ముప్పది రెట్లకు పైగా బరువైనది. అంతటి పెద్దది అంత చిన్నదానిని పట్టుకొనే చోటు ఏడెనిమిది పూసల మేర మాత్రమే కావచ్చు.

సాక్షిని ప్రశ్నించడం

తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు అన్నది మన సామెత. ఆకుపచ్చగా మెరిసినదంతా ఎల్.ఎల్.-37 కాదు. సాక్షి చెప్పినది విని వెంటనే తీర్పు చెప్పే న్యాయాధిపతి ఉండడు. అడ్డు ప్రశ్నలు వేయిస్తాడు. పరిశోధకుడు వేయవలసిన అడ్డు ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది: ఆ వెలుగు ప్రతిరక్షకానిదేనా? కూన్స్‌కు ఎదురైన సమస్య ఇది. కొన్ని కణాలు, కణజాల తంతువులు, ముసలి కణాలలో పేరుకొనే పదార్థాలు తమంత తాము వెలుగుతాయి. అందువల్ల ప్రతిరక్షకం పోయని పలకను ప్రక్కనే పెట్టి పోల్చి చూడాలి.

రెండవది: ప్రతిరక్షకం తన చేతితో పట్టుకున్నదా, తోకతో అంటుకున్నదా? న్యూట్రోఫిల్ కణాల మీద ప్రతిరక్షకాల తోకను పట్టుకొనే గ్రాహకాలు సహజంగానే ఉంటాయి. ఎల్.ఎల్.-37 పుష్కలంగా ఉండేది కూడా ఆ కణాలలోనే. కనుక పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఆ గ్రాహకాలను ముందుగా కప్పాలి. అదే జాతికి చెంది, ఈ పెప్టైడును గుర్తించని మరొక ప్రతిరక్షకానికి అదే వర్ణకం తగిలించి ఎంత వెలుగు వస్తున్నదో చూడాలి.

మూడవది: పట్టుకున్నది ఈ పెప్టైడునేనా? ప్రతిరక్షకానికి ముందుగానే కావలసినంత ఎల్.ఎల్.-37 అందించి దాని చేతులు నింపివేసినప్పుడు కణంలో వెలుగు పోవాలి. ఈ పరీక్ష కూడా సంపూర్ణం కాదు. ఆ పెప్టైడుకు సంబంధించిన జన్యువునే తొలగించిన కణాలలో వెలుగు కనిపించకపోవడం ఇంతకన్న బలమైన నిదర్శనం.

నాలుగవది అన్నింటికన్న కఠినమైనది: కనిపించినది ఒరలోని కత్తియా, దూసిన కత్తియా? ఎల్.ఎల్.-37 తన మాతృప్రోటీనులోని ఒక భాగమే కాబట్టి అనేక ప్రతిరక్షకాలు రెండింటినీ పట్టుకుంటాయి. వెలుగు రెండింటికీ ఒకటే. పెప్టైడు ఇక్కడ ఉన్నది అని వెలుగు చెప్పగలదు. అది పని చేస్తున్నది అని చెప్పలేదు. ఆ సంగతి తేల్చడానికి ప్రోటీనులను భారాన్ని బట్టి వేరుచేసే మరొక పరీక్ష కావాలి. అందులో 18 వేల డాల్టన్ల చోట గీత వస్తే ఒరలో ఉన్నదని, నాలుగున్నర వేల చోట వస్తే దూసి ఉన్నదని అర్థం.

వెలుగు కనిపించకపోయినంత మాత్రాన పెప్టైడు లేదని నిర్ణయించడం కూడా తగదు. ఎల్.ఎల్.-37లోని 37 పూసలలో ఆరు లైసిన్‌లు. ఫార్మాల్డిహైడు బిగించేది ముఖ్యంగా లైసిన్‌లనే. ప్రతిరక్షకం పట్టుకోవలసిన చోటే బిగిసిపోతే సాక్షి మూగపోతుంది. ఫ్లోరెసీన్ వెలుగు ఆమ్లగుణం ఉన్న చోట మందగిస్తుంది. కణం సూక్ష్మజీవులను జీర్ణించుకొనే అరలు సరిగా అటువంటి చోట్లే. పైగా దీర్ఘకాలం వెలుగులో ఉంచితే వర్ణకం వెలిసిపోతుంది. ఆధునిక వర్ణకాలు కొన్ని ఈ లోపాలను చాలావరకు తగ్గించాయి.

మా శాస్త్రంలోనూ ఇటువంటి విచారణ ఉన్నది. ఒక కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ఒక్క తాళపత్ర ప్రతిని నమ్మి పాఠ నిర్ణయం చేయడు. నాలుగు ప్రాంతాల ప్రతులను తెప్పించి, సరిపోల్చి, లేఖకుని పొరపాటు ఏదో కవి ప్రయోగం ఏదో తేల్చుకుంటాడు. జీవశాస్త్రంలో ఈ జాగ్రత్త కొరవడిన సందర్భాలు తక్కువేమీ కావు. అమ్మకానికి వచ్చే ప్రతిరక్షకాలలో అనేకం తాము గుర్తించవలసిన దానిని సరిగా గుర్తించడం లేదని, వానికి కట్టుదిట్టమైన ప్రమాణాలు అవసరమని నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు 2015లో 'నేచర్' పత్రిక ద్వారా ఎలుగెత్తి చెప్పారు. తప్పు సాక్షిని నమ్మి సాగించిన పరిశోధనలో ధనం, కాలం వ్యర్థమవుతాయి. అంతకు మించి, రోగి ఆశ కూడా వ్యర్థమవుతుంది.

సాక్ష్యం వల్ల తెలిసినవి

జాగ్రత్తగా ప్రశ్నించినప్పుడు ఈ సాక్షి ఎంత విలువైన సంగతులు చెప్పిందో చూద్దాం. ప్రతిరక్షకానికి తగిలించే గుర్తు ప్రతిదీప్త వర్ణకం కావచ్చు, రంగు పుట్టించే ఎంజైము కావచ్చు. గుర్తుపట్టే సూత్రం మాత్రం ఒకటే.

మన పొరుగుననే ఉన్న బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం ఉన్నది. షిగెల్లా బాక్టీరియా వల్ల వచ్చే రక్తవిరేచనాల రోగుల ప్రేగు పొరలను అక్కడి పరిశోధకులు, స్వీడను శాస్త్రజ్ఞులు కలిసి పరీక్షించి 2001లో ఒక ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించారు. ఆరోగ్యవంతుల ప్రేగు పొరలో ఉండే ఎల్.ఎల్.-37 ఈ రోగులలో వ్యాధి తొలి దశలోనే తగ్గిపోయింది లేదా కనిపించకుండా పోయింది. అంటే శత్రువు కోటలో ప్రవేశించగానే ముందుగా ఆయుధాగారాన్ని మూయించివేశాడన్నమాట. పిదప రుబానా రకీబ్, ఆమె సహచరులు షిగెల్లా సోకిన కుందేళ్ళకు బ్యూటిరేటు అనే లవణాన్ని ఇచ్చి చూశారు. ప్రేగులో పెప్టైడు తిరిగి పుట్టింది. జబ్బు తగ్గుముఖం పట్టింది. ఈ ఫలితం 2006లో వెలువడింది. మన ప్రేగులలోని మేలు చేసే బాక్టీరియా ఆహారంలోని పీచు నుండి తయారుచేసే పదార్థమే ఈ బ్యూటిరేటు. శత్రువును చంపే మందును వెలుపలి నుండి తెచ్చుటకు బదులు శరీరం చేతనే దానిని మరల తయారు చేయించవచ్చుననే క్రొత్త ఆలోచనకు ఇది పునాది. మందులకు లొంగని బాక్టీరియా పెరిగిపోతున్న ఈ కాలంలో ఇటువంటి ఆలోచన విలువ వేరే చెప్పనక్కరలేదు.

పుట్టుకతోనే న్యూట్రోఫిల్ కణాలు లోపించే కోస్ట్‌మన్ వ్యాధి ఒకటి ఉన్నది. మందుతో ఆ కణాల సంఖ్యను పెంచవచ్చు. అయినా ఆ రోగులకు పంటిచిగుళ్ళ వ్యాధి విడువలేదు. కారణం 2002లో స్వీడనులో బయటపడింది. సంఖ్య పెరిగింది కాని ఆ కణాలలో ఎల్.ఎల్.-37 లోపించింది. సైనికులు చేరారు, చేతిలో ఆయుధాలు లేవు.

అదే సంవత్సరం మరొక చిక్కుముడి విడిపోయింది. ఎగ్జిమా రోగుల చర్మానికి బాక్టీరియా తరచుగా సోకుతుంది; సొరియాసిస్ రోగులకు అంతగా సోకదు. రెండింటిలోనూ చర్మం చెడినదే కదా, ఎందుకీ భేదం? సొరియాసిస్ చర్మంతో పోల్చగా ఎగ్జిమా చర్మంలో ఎల్.ఎల్.-37 చాలా తక్కువ అని తేలింది. ఇంతమాత్రాన ఈ పెప్టైడు ఎంత ఎక్కువైతే అంత మంచిదని భావించరాదు. సొరియాసిస్‌లో ఇది మన కణాల డి.ఎన్.ఎ.తోనే జతకట్టి రక్షణ వ్యవస్థను స్వదేహం మీదికే ఉసికొల్పుతున్నదని 2007లో తెలిసింది. ముఖం ఎర్రబారే రొజేసియా వ్యాధిలో ఖండించే ఎంజైము అధికమై, వికృతమైన పెప్టైడు తునకలు పుడుతున్నాయని అదే సంవత్సరం మరొక పరిశోధన చూపింది. ఒర ఎక్కడ కోయబడుతున్నదన్నది ఎంత ముఖ్యమో దీని వల్ల స్పష్టమవుతున్నది. కేవలం ఆకుపచ్చని వెలుగును చూచి తృప్తిపడితే ఈ రహస్యం ఎన్నటికీ అందేది కాదు.

వెలుగుకు, వైద్యానికి మధ్య దూరం ఎంతో చెప్పే ఉదాహరణ మరొకటి. క్షయరోగ బాక్టీరియా ఎదురైనప్పుడు మన రక్షక కణాలు డి విటమిన్ సహాయంతో ఈ పెప్టైడును తయారుచేస్తాయని 2006లో నిరూపించారు. క్షయరోగులను ఎండలో కూర్చుండబెట్టిన పూర్వకాలపు చికిత్సాలయాల పద్ధతికి సమాధానం దొరికిందని లోకం సంతోషించింది. కాని మంగోలియా దేశంలో వేలాది పాఠశాల బాలబాలికలకు డి విటమిన్ ఇచ్చి చూడగా క్షయ సోకకుండా అది కాపాడలేకపోయినదని 2020లో వెల్లడైంది. గాజు పలక మీద నిజమైనది సంఘంలో చికిత్సగా మారాలంటే ఇంకా ఎన్నో మెట్లు ఎక్కవలసి ఉంటుంది. మొదటి మెట్టు అబద్ధమని దీని అర్థం కాదు. అది మొదటి మెట్టు మాత్రమే.

విద్యార్థులకు ఒక మాట

విజ్ఞానశాస్త్రం చదివే మన విద్యార్థులలో కొందరైనా రేపు పరిశోధనశాలలలో ప్రవేశిస్తారు. చిన్న గాజు సీసాలో, చీకటిగా, చల్లగా దాచిన ప్రతిదీప్త ప్రతిరక్షకం వారి చేతికి వస్తుంది. సీసా మీది చీటీ అది ఏ పెప్టైడును గుర్తిస్తుందో చెబుతుంది. ఆ చీటీని చదవడంతో పని ముగియదు, మొదలవుతుంది. ప్రతిరక్షకం లేని పలక, వేరే ప్రతిరక్షకం పోసిన పలక, జన్యువు తొలగించిన కణాల పలక, భారాన్ని బట్టి వేరుచేసే పరీక్ష అనే నాలుగింటికీ చోటివ్వని ప్రయోగం ఎంత అందమైన బొమ్మను చూపినా అసంపూర్ణమే.

సాహిత్య విద్యార్థులకు కూడా ఇందులో గ్రహించదగినది కలదు. ఢాకాలో రక్తవిరేచనాలతో బాధపడుతున్న రోగి ప్రేగులో ఏమి లోపించినదో చెప్పగలిగినది ఒక అణువు మీద తగిలించిన చిన్న వెలుగు. ఆ వెలుగు చూపినది నిజమేనా అని ఓర్పుతో అడిగినవారి వల్లనే అది చికిత్సకు దారి చూపే జ్ఞానమైనది. చూచినదానిని నమ్మే ముందు ప్రశ్నించడం, ప్రశ్నించి నిలిచినదానిని నలుగురి మేలుకు వినియోగించడం ఏ శాస్త్రం చదివినవారికైనా అలవడవలసిన గుణాలు. మన కళాశాల విద్యార్థులు ఆ గుణాలను పెంపొందించుకొని, ఈ రంగంలో ఇంకా తేలని ప్రశ్నలకు సమాధానాలు కనుగొంటారని ఆశిస్తున్నాం.